స్టెప్పర్ డ్రైవర్‌తో మామూలు డీసీ మోటార్ నడపొచ్చా? మా పిన్ని రాట్నం నేర్పిన పాఠం

పాతపట్నం నుంచి మాట్లాడుతున్నాను. కిందటి ఎపిసోడ్‌లో స్టెప్పర్ మోటార్ గురించి చెప్పుకున్నాం కదా. ఈరోజు కొంచెం వింత పని చేద్దాం. స్టెప్పర్ కోసం తయారైన డ్రైవర్ బోర్డుకి, రెండే వైర్లు ఉన్న మామూలు డీసీ మోటార్ తగిలిద్దాం. "అదేంటి అన్నా, డీసీ మోటార్‌కి వేరే డ్రైవర్లు ఉన్నాయి కదా, ఇదెందుకు?" అని మీరు అడుగుతారు. నేనూ అదే అనుకున్నాను. ఎందుకో తెలియాలంటే ముందు మా పిన్ని కథ వినాలి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, ఆ తర్వాత అంతా వైరింగే.

మా పిన్ని వాళ్లది నేత ఇల్లు. బాబాయి మగ్గం మీద కూర్చుంటే, పిన్ని కండెలు చుడుతుంది. కండె అంటే తెలియని వాళ్లకి చెబుతాను. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంటుంది కదా, దాని లోపల పెట్టే చిన్న పుల్ల లాంటిది. చిలప లోంచి నూలు తీసి దాని మీద చుట్టాలి. కుడి చేత్తో రాట్నం తిప్పాలి, ఎడమ చేత్తో దారం పట్టుకోవాలి. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే పని. ఈ మధ్య పిన్నికి కుడి భుజం పైకి లేవడం లేదు. చీర కొంగు సర్దుకోవడానికి కూడా ఎడమ చెయ్యే.

ఇంట్లో ఆర్డుయినో పట్టుకుని తిరిగే కుర్రాడు ఉన్నాడంటే ఏం చేస్తాడు? "పిన్నీ, నీ రాట్నానికి మోటార్ పెట్టేస్తాను" అనేశాను. పెట్టేశాను కూడా. పాత ప్రింటర్ లోంచి తీసిన డీసీ మోటార్, ఒక రబ్బరు బెల్టు, మనందరి దగ్గరా ఉండే ఎల్298ఎన్ బోర్డు, స్పీడ్ తిప్పుకోవడానికి ఒక నాబ్. ఆన్ చేశాను. గిర్రున తిరిగింది. వీడియో కూడా తీసుకున్నాను. సరిగ్గా నిమిషం తర్వాత చిలపలో దారం ఎక్కడో చిక్కుపడింది. ఠప్! తెగింది. ముడి వేశాం. మళ్లీ ఠప్! ఆ పూట ఎన్నిసార్లు తెగిందో లెక్క లేదు. చివరికి పిన్ని నవ్వుతూనే అంది, "ఒరే, నీ మిసను నా నూలంతా తినేస్తందిరా. నీ మోటారు నీకాడే ఉంచుకో, నా చెయ్యే నయం."

నవ్వుతూ అన్నా గానీ, ఆ నూలు వాళ్లు డబ్బు పెట్టి కొన్నది. ముడి పడిన చోటల్లా బట్టలో కనిపిస్తుంది. నాకు సిగ్గేసింది. అప్పుడు కూర్చుని ఆలోచించాను, తప్పెక్కడుంది అని.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్ మొత్తానికి ఇదే ముఖ్యం. చెయ్యికీ మోటార్‌కీ తేడా ఏంటి? దారం చిక్కుపడితే పిన్ని చేతికి తెలుస్తుంది. వెంటనే చెయ్యి మెత్తబడుతుంది. మోటార్ సరిగ్గా దానికి రివర్స్ చేస్తుంది. ఎందుకంటే డీసీ మోటార్ తిరుగుతున్నప్పుడు అది ఒక చిన్న జనరేటర్ కూడా. తిరిగే వేగాన్ని బట్టి లోపల ఎదురు వోల్టేజ్ పుడుతుంది. మనం ఇచ్చిన వోల్టేజ్ లోంచి ఆ ఎదురు వోల్టేజ్ పోగా మిగిలిందే కరెంట్‌ని తోస్తుంది. దారం పట్టేసి మోటార్ నెమ్మదించిందనుకోండి, ఎదురు వోల్టేజ్ తగ్గుతుంది, కరెంట్ పెరుగుతుంది. డీసీ మోటార్‌లో కరెంట్ ఎంతో, తిప్పే బలం అంత. అంటే ఎప్పుడు మెత్తబడాలో సరిగ్గా అప్పుడే మోటార్ ఇంకా గట్టిగా లాగుతుంది.

నా మోటార్ లెక్క చెబుతాను. మల్టీమీటర్‌తో దాని రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ చూస్తే 12 ఓమ్‌లు వచ్చింది. షాఫ్ట్‌ని కొద్దికొద్దిగా తిప్పి నాలుగైదు చోట్ల చూడాలి, బ్రష్‌లు ఎక్కడ ఆనాయో దాన్నిబట్టి కొంచెం మారుతుంది. 12 వోల్టులు ఇచ్చి మోటార్‌ని పూర్తిగా ఆపేస్తే కరెంట్ ఎంత? 12 భాగించు 12, అంటే 1 ఆంపియర్. ఖాళీగా తిరిగేటప్పుడు మీటర్‌లో 0.1 ఆంపియర్ చూపించింది. అంటే దారం చిక్కుకోగానే కరెంట్ పది రెట్లు పెరగగలదు. నూలు పోగు ఏం తట్టుకుంటుంది పాపం?

కాబట్టి మనకి కావలసింది స్పీడ్ కంట్రోల్ కాదు, కరెంట్ కంట్రోల్. "ఇంతకు మించి లాగకు" అని మోటార్‌కి చెప్పే బోర్డు. అలాంటిది కొనాలా అని చూస్తుంటే, బల్ల మీద త్రీడీ ప్రింటర్ కోసం తెచ్చి పక్కన పడేసిన చిన్న బోర్డు కనిపించింది. ఏ4988. స్టెప్పర్ డ్రైవర్.

స్టెప్పర్ డ్రైవర్ లోపల ఏముంటుంది? రెండు హెచ్-బ్రిడ్జ్‌లు. స్టెప్పర్‌కి రెండు కాయిల్స్ ఉంటాయి కదా, ఒక్కో దానికి ఒక్కోటి. హెచ్-బ్రిడ్జ్ అంటే నాలుగు స్విచ్‌లు, కాయిల్‌లోకి కరెంట్‌ని ఏ దిక్కుగానైనా పంపగలవు. ఎల్298ఎన్‌లో కూడా ఉండేది అవే. తేడా ఏంటంటే, ఏ4988 ప్రతి కాయిల్‌లో పోయే కరెంట్‌ని కొలుస్తూ ఉంటుంది. మనం పెట్టిన హద్దు తాకగానే కట్ చేస్తుంది, కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేస్తుంది. తలుపు దగ్గర కాపలా కూర్చున్నట్టు. స్టెప్పర్ కాయిల్ బదులు అక్కడ డీసీ మోటార్ పెడితే, దానికీ అదే కాపలా దొరుకుతుంది. అంతే ఫ్రెండ్స్, ఐడియా మొత్తం ఇదే.

ఇప్పుడు వైరింగ్‌కి వద్దాం. పాజ్ చేసుకుంటూ చూడండి.

మోటార్ రెండు వైర్లు 1ఏ, 1బీ పిన్‌లకి. 2ఏ, 2బీ ఖాళీగా వదిలేయండి. వీమాట్, దాని పక్కన గ్రౌండ్, ఈ రెండింటికీ 12 వోల్టుల అడాప్టర్. ఇక్కడ 5 వోల్టులు ఇస్తే పని చేయదు, ఈ చిప్‌కి మోటార్ సప్లై కనీసం 8 వోల్టులు కావాలి, గరిష్ఠంగా 35. ఆ రెండు పిన్‌లకి దగ్గరగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. అడాప్టర్ గుచ్చిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి చిప్ చచ్చిపోకుండా అది కాపాడుతుంది. వీడీడీకి ఆర్డుయినో 5 వోల్టులు. ఆర్డుయినో గ్రౌండ్, అడాప్టర్ గ్రౌండ్ రెండూ కలవాలి. స్టెప్ పిన్ ఆర్డుయినో 2కి, డైరెక్షన్ 3కి, ఎనేబుల్ 4కి, రీసెట్ 5కి. స్లీప్ పిన్‌ని 5 వోల్టులకి. ఎంఎస్1, ఎంఎస్2, ఎంఎస్3 మూడూ 5 వోల్టులకి కట్టేయండి, అది పదహారో వంతు మైక్రోస్టెప్ మోడ్. ఇది ఎందుకో ఇప్పుడే చెబుతాను.

ఒక మాట. కరెంట్ ఆన్‌లో ఉండగా మోటార్ వైరు పీకొద్దు, గుచ్చొద్దు. నేను ఒక బోర్డు అలా కాల్చుకున్నాను. చిన్న పొగ, ఒక వాసన, అంతే సంగతులు.

తర్వాత హద్దు పెట్టడం. బోర్డు మీద చిన్న స్క్రూ ఉంటుంది. చిప్ పక్కన రెండు నల్లటి చిన్న రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్, ఆర్050 అంటే 0.05, ఆర్068 అంటే 0.068. ఫార్ములా ఇది: వీరెఫ్ అంటే 8 ఇంటూ కావలసిన కరెంట్ ఇంటూ ఆ రెసిస్టర్ విలువ. నాకు గరిష్ఠంగా 0.4 ఆంపియర్ చాలు. నా బోర్డు మీద ఆర్100. కాబట్టి 8 ఇంటూ 0.4 ఇంటూ 0.1, అంటే 0.32 వోల్ట్. మోటార్ సప్లై తీసేసి, ఆర్డుయినో 5 వోల్టులు మాత్రం ఇచ్చి, మల్టీమీటర్ ఒక పుల్ల గ్రౌండ్ మీద, రెండోది ఆ స్క్రూ మీద పెట్టి, 0.32 వచ్చే దాకా నెమ్మదిగా తిప్పండి. మీ దగ్గర డీఆర్‌వీ8825 ఉంటే ఫార్ములాలో 8 బదులు 5 వేసుకోవాలి. ఈ ఒక్క తేడా మర్చిపోతే హద్దు తప్పుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు అసలు తమాషా. స్టెప్పర్ డ్రైవర్‌కి "ఇంత స్పీడ్" అని చెప్పే పిన్ లేదు. దానికి తెలిసిందల్లా అడుగులు. స్టెప్ పిన్ మీద ఒక పల్స్ ఇస్తే ఒక అడుగు వేస్తుంది. పదహారో వంతు మోడ్‌లో 64 అడుగులకి ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ చుట్టులో మొదటి కాయిల్ కరెంట్ అలలాగా పైకీ కిందికీ పోతుంది: ప్లస్ 100 శాతం నుంచి సున్నా, సున్నా నుంచి మైనస్ 100, మళ్లీ పైకి. స్టెప్పర్ మోటార్‌కి మనం ఆపకుండా అడుగులు వేయిస్తాం. డీసీ మోటార్‌కి అలా కాదు. కావలసిన అడుగు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోతాం. ఆ అడుగులో ఎంత కరెంట్ రాసి ఉందో అంత కరెంట్ మోటార్‌లో నిలకడగా పోతుంది. ప్లస్ వైపు ఆగితే ఒక దిక్కు, మైనస్ వైపు ఆగితే రెండో దిక్కు. సున్నా దగ్గర ఆగితే మోటార్ ఆగుతుంది.

మెట్లు ఎక్కుతున్నట్టు ఊహించుకోండి. సున్నా మెట్టు నుంచి పైకి ఎక్కితే మనం పెట్టిన హద్దులో దాదాపు ఇన్ని శాతాలు వస్తాయి: 1వ మెట్టు 9, 2వది 19, 3వది 30, 4వది 39, 5వది 48, 6వది 55, 7వది 64, 8వది 71. అలా 16వ మెట్టు దగ్గర 100. నా హద్దు 0.4 ఆంపియర్ కాబట్టి 4వ మెట్టు అంటే సుమారు 0.156 ఆంపియర్.

మరి మనం ఏ మెట్టు మీద ఉన్నామో ఎలా తెలుస్తుంది? రీసెట్ పిన్‌ని ఒకసారి కిందికి దించి ఎత్తితే, డ్రైవర్ తన హోమ్ స్థానానికి వస్తుంది. ఏ4988లో హోమ్ అంటే 45 డిగ్రీలు, రెండు కాయిల్స్‌లోనూ 71 శాతం. అంటే 8వ మెట్టు. అక్కడి నుంచి ఒక దిక్కుకి 8 పల్సులు వేస్తే సున్నా వస్తుంది, రెండో దిక్కుకి 8 వేస్తే 100. మీ వైరింగ్‌లో డైరెక్షన్ పిన్ పైకి ఉంటే ఏ దిక్కో, ఒకసారి మోటార్ చూసి తెలుసుకోండి.

ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది, గమనించారా? పవర్ ఆన్ చేయగానే డ్రైవర్ హోమ్‌లో ఉంటుంది, అంటే 71 శాతం! ఆర్డుయినో ఇంకా నిద్ర లేవకముందే మోటార్ గిర్రున తిరుగుతుంది. పిన్ని వేలు అక్కడ ఉంటే? అందుకే ఎనేబుల్ పిన్‌కీ 5 వోల్టులకీ మధ్య ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. ఎనేబుల్ పైకి ఉంటే అవుట్‌పుట్ మూత పడి ఉంటుంది. ప్రోగ్రామ్ సిద్ధమయ్యాకే కిందికి దించుతాం.

ప్రోగ్రామ్ వరుస ఇలా ఉంటుంది. ఒకటి, ఎనేబుల్ పైకి. రెండు, రీసెట్ కిందికి, కొంచెం ఆగి పైకి. మూడు, సున్నా దిక్కుకి 8 పల్సులు. ఒక్కో పల్స్ అంటే స్టెప్ పిన్ పైకి, 5 మైక్రోసెకన్లు ఆగడం, కిందికి, మళ్లీ 5 మైక్రోసెకన్లు ఆగడం. చిప్‌కి 1 మైక్రోసెకన్ చాలు, మనం కొంచెం ఉదారంగా ఇస్తున్నాం. నాలుగు, మెట్టు అనే ఒక వేరియబుల్‌లో సున్నా రాసుకోవడం. ఐదు, ఎనేబుల్ కిందికి. ఇక నుంచి కావలసిన మెట్టుకీ ఇప్పుడున్న మెట్టుకీ తేడా ఎంతో అన్ని పల్సులు వేయడం, వేరియబుల్ మార్చుకోవడం. నాబ్ విలువని 0 నుంచి 16 దాకా మార్చి ఇస్తే, తిప్పే బలం మీ చేతిలో ఉన్నట్టే.

ఇది పెట్టి చిలప తగిలించాను. 4వ మెట్టు. కండె తిరుగుతోంది. కావాలని దారాన్ని వేళ్లతో పట్టుకున్నాను. మోటార్ ఆగిపోయింది. దారం తెగలేదు! వదిలాను, మళ్లీ తిరిగింది. పిన్ని దగ్గరికి వచ్చి తనే పట్టుకుని చూసింది, వదిలింది, మళ్లీ పట్టుకుంది. "ఇప్పుడు దీనికి బుద్ధొచ్చిందిరా" అంది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఇంకో మూడు చిక్కులు వచ్చాయి. దాచకుండా చెబుతాను.

మొదటిది, కండె లావెక్కడం. ఖాళీ కండె మధ్య నుంచి అంచుకి 5 మిల్లీమీటర్లు, నిండాక 12. అదే బలంతో తిప్పుతుంటే, లావెక్కే కొద్దీ దారం మీద లాగుడు తగ్గిపోతుంది. పైన పొరలు వదులుగా చుట్టుకుని, నాడెలో జారిపోతాయి. కాబట్టి బలాన్ని 12 భాగించు 5, అంటే 2.4 రెట్లు పెంచాలి. అలా అని 4వ మెట్టు కరెంట్ మొత్తాన్ని 2.4తో గుణించకూడదు. 0.156లో 0.1 ఆంపియర్ బేరింగులూ బ్రష్‌ల ఘర్షణకే పోతోంది. దారాన్ని లాగేది మిగిలిన 0.056 మాత్రమే. దానికి 2.4 రెట్లు అంటే 0.135. ఘర్షణ కలిపితే 0.235. అది 6వ మెట్టుకీ 7వ మెట్టుకీ మధ్యలో పడుతుంది. నేను 6 పెట్టుకున్నాను, తక్కువ వైపు ఉంటేనే దారానికి మంచిది. షాఫ్ట్‌కి ఒక అయస్కాంతం, పక్కన హాల్ సెన్సార్ పెట్టి చుట్లు లెక్కపెడుతున్నాను. చుట్లు పెరిగే కొద్దీ 4, 5, 6.

రెండోది, దారం నిజంగానే తెగితే? లాగేది ఏమీ లేదు కాబట్టి మోటార్ వోల్టేజ్ అనుమతించినంత స్పీడ్‌కి పోతుంది. బలానికి హద్దు పెట్టాం గానీ వేగానికి పెట్టలేదు కదా. అందుకే అదే హాల్ సెన్సార్‌తో చుట్టుకీ చుట్టుకీ మధ్య సమయం చూస్తాను. అది ఒక్కసారిగా తగ్గిపోతే, ఎనేబుల్ పైకి, ఒక బజర్ కూత. పిన్ని వచ్చి ముడి వేసుకుంటుంది.

మూడోది, మోటార్ ఎంపిక. పసుపు రంగు బొమ్మ కారు మోటార్లతో ఇది సరిగా రాదు. ఒకటి, వాటికి గేర్లు ఎక్కువ, గేర్ల ఘర్షణలోనే మనం పెట్టిన సున్నితమైన హద్దు మునిగిపోతుంది. రెండు, చిన్న మోటార్ల ఇండక్టెన్స్ తక్కువ, కరెంట్ మరీ వేగంగా ఎగిరి దిగుతుంది, డ్రైవర్ సన్నగా కీచుమంటుంది, కింది మెట్లు లెక్కకి రావు. పాత ప్రింటర్ మోటార్ నేరుగా బెల్టుతో, అది మంచిది. పుల్లీ తేలికగా ఉండాలి, బరువైన చక్రం పెడితే కరెంట్ ఆగినా దాని ఊపుకే దారం తెగుతుంది. ఇంకొకటి, బ్రష్‌ల నాయిస్ కోసం మోటార్‌కి అడ్డంగా కెపాసిటర్ పెట్టే అలవాటు మనకుంది. ఇక్కడ అది వద్దు. ఆన్ అయిన ప్రతిసారీ కెపాసిటర్ ఒక్క గుక్కలో కరెంట్ తాగుతుంది, డ్రైవర్ అదే మోటార్ కరెంట్ అనుకుని మోసపోతుంది.

"నా దగ్గర ఏ4988 లేదు, కిట్‌లో వచ్చిన యూఎల్‌ఎన్2003 బోర్డే ఉంది" అనే వాళ్లు, దాంతో కూడా డీసీ మోటార్ నడపొచ్చు. ప్లస్‌కీ ఒక అవుట్‌పుట్‌కీ మధ్య మోటార్ పెట్టి, ఇన్‌పుట్‌కి పీడబ్ల్యూఎం ఇవ్వండి. ఒక దిక్కుకే తిరుగుతుంది, ఒక్కో చానల్‌కి 500 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. చిన్న ఫ్యాన్‌కి చాలు. కానీ దానికి కరెంట్ కాపలా లేదు, కాబట్టి దారం పనికి వద్దు.

ముగించే ముందు ఒక మాట. ఈ పని చేస్తున్నప్పుడు నాకు పదే పదే గుర్తొచ్చిన మనిషి చింతకింది మల్లేశం గారు. తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి రకం చీరలకి ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్ల అమ్మగారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేయాలని ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1999లో అది పూర్తయింది, అమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా కూడా వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి ఆయన. మన చేతిలో ఫోన్ ఉంది, అందులో డేటాషీట్ ఉంది. వంక చెప్పడానికి మనకేం మిగల్లేదు.

అలాగని ప్రతిదానికీ మోటార్ పెట్టేయమని నేను చెప్పను. మన జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నటి నూలు చేత్తో వడుకుతారు. ఖాదీ అంటేనే చేత్తో వడికి, చేత్తో నేసింది. అక్కడ మోటార్ పెడితే అది ఖాదీయే కాదు. ఎక్కడ చేతిలో పనితనం ఉందో, ఎక్కడ చేతికి నొప్పి మాత్రమే ఉందో, ఆ తేడా పని చేసే వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. నేను మొదటిసారి పిన్నిని అడగలేదు, చెప్పాను. అందుకే దారం తెగింది.

ఇప్పుడు పిన్ని కండెలు మోటార్ మీదే చుడుతోంది. ఎడమ చేత్తో దారం నడిపించాలి, అది ఆమె పనితనం. కుడి చేతికి మాత్రం విశ్రాంతి. భుజం పూర్తిగా తగ్గలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లక తప్పదు. కానీ మొన్న వెళ్తే, కండె తిరుగుతుండగా కుడి చేత్తో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. నాకు అది చాలు.

ఈ వారం మీకు ఒక పని. మీ దగ్గరున్న ఏ డీసీ మోటారైనా తీసుకోండి, రెసిస్టెన్స్ కొలవండి, పూర్తిగా ఆపితే ఎంత కరెంట్ వస్తుందో లెక్క కట్టండి, ఖాళీగా తిరిగేటప్పుడు ఎంతో మీటర్‌లో చూడండి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఆ మోటార్ స్వభావం సగం తెలిసినట్టే. వచ్చే ఎపిసోడ్‌లో హాల్ సెన్సార్‌తో చుట్లు లెక్కపెట్టడం, ఆ ప్రోగ్రామ్ లైను లైనుగా చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, కరెంట్ ఆన్‌లో ఉండగా వైర్లు పీకకండి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.